పెళ్లి మార్చ్ పుట్టిన అడవి: మెండెల్సన్ ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ సంగీతంపై తరచుగా అడిగే ప్రశ్నలు

చర్చిలో పెళ్లిళ్లకు కీబోర్డు వాయించడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లూ, నెలకోసారి మా ఇంట్లో కూర్చుని పాశ్చాత్య సంగీతం వినే స్నేహితులూ, వాళ్ల పిల్లలూ అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతిసారీ ఫోన్‌లో చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## వినడం మొదలుపెట్టే ముందు

చర్చి పెళ్లిలో వాయించే ఆ ‘పెళ్లి మార్చ్’ (వెడ్డింగ్ మార్చ్, అంటే పెళ్లి నడక పాట) నిజంగా ఒక కామెడీ నాటకం కోసం రాసిందేనా?

నిజమే. షేక్‌స్పియర్ 1595-96 ప్రాంతంలో రాసిన ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ అనే హాస్య నాటకాన్ని జర్మనీలో ఆడినప్పుడు, దానికోసం జర్మన్ స్వరకర్త ఫెలిక్స్ మెండెల్సన్ రాసిన సంగీతంలో అదొక భాగం. నాలుగో అంకానికీ ఐదో అంకానికీ మధ్య వస్తుంది. అడవిలో తప్పిపోయి, గొడవలు పడి, చివరికి రాజీపడిన జంటలకు ఏథెన్స్‌లో ఒకేసారి పెళ్లిళ్లు జరిగే సందర్భం అది. చర్చికీ ప్రార్థనకూ సంబంధించి రాసింది కాదు. ఇది తెలిసిన రోజు నేను ఇంటికెళ్లి మొత్తం సంగీతం విన్నాను. అప్పటిదాకా ఒక పెద్ద ఇంటి వీధి తలుపు మాత్రమే చూశానని అర్థమైంది.

నాటకం చదవకుండా వింటే అర్థమవుతుందా?

వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ కథ తెలిస్తే రెట్టింపు ఆనందం. క్లుప్తంగా ఇదీ: ఏథెన్స్ రాజు థీసియస్‌కు హిప్పోలిటాతో పెళ్లి నిశ్చయమైంది. హెర్మియా, లైసాండర్ ప్రేమించుకున్నారు. హెర్మియా తండ్రి మాత్రం ఆమెను డెమిట్రియస్‌కు ఇస్తానంటాడు. హెలెనా ఏమో ఆ డెమిట్రియస్‌నే ప్రేమిస్తోంది. నలుగురూ రాత్రిపూట అడవిలో పడతారు. అక్కడ వనదేవతల రాజు ఓబెరాన్, రాణి టైటానియా పోట్లాడుకుంటున్నారు. ఓబెరాన్ సేవకుడు పక్ చూసినవాళ్ల మీద ప్రేమ పుట్టించే పూల రసాన్ని ఒకరి కళ్లలో పిండాల్సింది ఇంకొకరి కళ్లలో పిండేస్తాడు. రాజుగారి పెళ్లిలో నాటకం ఆడాలని రిహార్సల్ చేసుకుంటున్న పనివాళ్లలో బాటమ్ అనే నేతపనివాడికి గాడిద తల తగిలిస్తాడు. ఆ పూల రసం ప్రభావంలోనే ఉన్న టైటానియా ఆ గాడిద తలవాడి మీదే మనసు పడుతుంది. తెల్లారేసరికి అన్నీ సర్దుకుంటాయి. ఇంత తెలిస్తే చాలు.

ఓపస్ 21 అని ఒకటి, ఓపస్ 61 అని ఒకటి కనిపిస్తున్నాయి. రెండూ వేరువేరా?

ఓపస్ అంటే స్వరకర్త రచనలకు ఇచ్చే వరస సంఖ్య. ఓపస్ 21 అంటే ఓవర్చర్ (మొదట్లో వాయించే ఆర్కెస్ట్రా ముక్క) ఒక్కటే. 1826లో రాశాడు. అప్పుడు నాటకం ఆడే ఆలోచన ఏమీ లేదు, నాటకం చదివిన ఉత్సాహంలో కచేరీ కోసం రాసుకున్నది. ఓపస్ 61 అంటే 1843లో నాటకం ఆడినప్పుడు దానికోసం రాసిన మిగతా సంగీతం: స్కెర్జో (వేగంగా, సరదాగా సాగే ముక్క), పాటలు, నాక్టర్న్ (రాత్రిని తలపించే నెమ్మది ముక్క), పెళ్లి మార్చ్, మాటల వెనుక వినిపించే చిన్నచిన్న ముక్కలు. ఓవర్చర్‌తో కలిపితే మొత్తం 14 భాగాలు. రెండింటి మధ్య దూరం 17 ఏళ్లు. విన్నవాళ్లకు మాత్రం ఒకే వారంలో రాసినట్టుంటుంది, ఎందుకంటే పాత ఓవర్చర్‌లోని స్వరాలనే కొత్త భాగాల్లోకి తెచ్చి అల్లాడు.

అంత ఓపిక లేదు. ఏ ముక్కతో మొదలుపెట్టాలి?

ఓవర్చర్‌తో. సుమారు 12 నిమిషాలు. బాగుందనిపిస్తే స్కెర్జో, నాక్టర్న్, పెళ్లి మార్చ్ కలుపుకోండి, మొత్తం అరగంటలో అయిపోతుంది. కచేరీల్లో ఎక్కువగా వినిపించేది కూడా ఈ నాలుగే. ఒక్కటే విన్నపం: పనులు చేసుకుంటూ కాకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఇందులో చాలా భాగం గుసగుసలంత మెల్లగా సాగుతుంది, ఫోన్ స్పీకర్‌లో సగం పోతుంది.

ఏ రికార్డింగ్ మంచిది?

ఇక్కడ చెప్పే పేర్లు కండక్టర్లవి, అంటే ఆర్కెస్ట్రాను నడిపించేవాళ్లవి. నేను మొదట విన్నది ఒటో క్లెంపరర్ ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాతో చేసినది. నిదానంగా, ప్రతి వాయిద్యం విడివిడిగా వినపడేలా ఉంటుంది. చురుగ్గా కావాలంటే పీటర్ మాగ్ లండన్ సింఫనీతో చేసింది వినండి. అన్ని భాగాలూ ఒకేచోట కావాలంటే ఆండ్రే ప్రెవిన్‌ది. నన్ను ఒక్కటే ఉంచుకోమంటే మాగ్‌ది ఉంచుకుంటాను. వనదేవతలు అంత నిదానంగా నడవరని నా నమ్మకం.

## వింటున్నప్పుడు

మొదట్లో సాగదీసిన ఆ నాలుగు కార్డ్స్ దేనికి?

కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలకడం. అడవిలోకి దారి అవి. మొదటి కార్డ్ రెండు ఫ్లూట్లు మాత్రమే పలుకుతాయి. ఆ తర్వాత ఒక్కో కార్డ్‌కీ మిగతా ఊదే వాయిద్యాలు వచ్చి చేరతాయి. లయ లేదు, పాట లేదు, ఊపిరి తీసుకున్నట్టు నాలుగు శబ్దాలు, అంతే. ఓవర్చర్ మధ్యలో మళ్లీ వస్తాయి, చివర్లోనూ వాటితోనే ముగుస్తుంది. 1843లో మొత్తం నాటకాన్ని కూడా మెండెల్సన్ ఈ నాలుగు కార్డ్స్‌తోనే ముగించాడు. కల ఎక్కడ మొదలైందో అక్కడికే తీసుకొచ్చి వదిలిపెడతాడన్నమాట. నా మట్టుకు ఈ మొత్తం సంగీతంలో అతి గొప్ప పని ఈ నాలుగు కార్డ్సే.

మేం కర్ణాటక సంగీతం నేర్చుకున్నాం. ఇందులో రాగం ఏదో చెప్పగలరా?

రాగం కోసం వెతికితే నిరాశే, ఇది రాగం మీద నడిచే సంగీతం కాదు. అయితే మీ చెవికి ఉన్న శిక్షణ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఓవర్చర్ ఇ మేజర్‌లో ఉంది. ఇ స్వరాన్ని షడ్జమం అనుకుంటే మొదటి రెండు కార్డ్స్‌లో ఉన్నవి శంకరాభరణం స్వరాలే. మూడో కార్డ్‌లో చతుశ్రుతి ధైవతం ఉండాల్సిన చోట శుద్ధ ధైవతం వస్తుంది, ఒక్క క్షణం సరసాంగి స్వరాలు వినిపించినట్టు. వెలుతురు మసకబారినట్టనిపించేది అందుకే. నాలుగో కార్డ్‌లో మళ్లీ వెలుతురు. వెంటనే వయొలిన్లు అందుకునేసరికి అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వస్తుంది. ఒక శుద్ధ ధైవతం, ఒక సాధారణ గాంధారం, ఈ రెండు మార్పులతో ఏథెన్స్ నుంచి అడవికి తీసుకెళ్లిపోయాడు. మా బృందంలో వీణ వాయించే ఒక పెద్దావిడ ఇది పట్టుకున్న రోజు ఆ అర నిమిషాన్నే ఏడెనిమిది సార్లు వేయించుకుని విన్నారు.

వయొలిన్లు అలా చిటపటలాడుతూ ఎందుకు వాయిస్తాయి?

అవి వనదేవతల అడుగులు, రెక్కల చప్పుడు. ఇక్కడ వయొలిన్లను నాలుగు వరసలుగా విడగొట్టాడు. అందరూ అతి మెల్లగా, అతి వేగంగా, చిన్నచిన్న స్వరాలు వాయించాలి. వేగంగా వాయించడం కష్టం కాదు, మెల్లగా వాయించడమూ కష్టం కాదు, రెండూ కలిపి అంతమంది ఒకే ప్రాణంగా వాయించడమే కష్టం. ఒక్కరి విల్లు కాస్త గట్టిగా తగిలినా మంత్రం చెదిరిపోతుంది. చాలాసేపు కింద ఆనేందుకు బేస్ కూడా ఉండదు, అందుకే నేల మీద కాళ్లు ఆననట్టు తేలిపోతుంటుంది.

గాడిద అరుపు ఉంటుందంటారు కదా, మాకెప్పుడూ దొరకలేదు. ఎక్కడ?

ఓవర్చర్‌లోనే. వనదేవతల గుసగుస అయ్యాక ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా రాజదర్బారులా మోగుతుంది. ఆ తర్వాత జారుతూ దిగే మెత్తని ప్రేమికుల పాట. అదీ అయ్యాక పల్లెటూరి డాన్స్‌లాంటి మోటు ట్యూన్ ఒకటి మొదలవుతుంది, అక్కడ చెవి పెట్టండి. వయొలిన్లు పై స్వరం నుంచి దభాలున కిందికి దూకుతాయి, స్థాయి దాటి ఇంకో మెట్టు కిందికి. ‘హీ-హా’ అని రెండు ముక్కలుగా వినిపిస్తుంది. గాడిద తలతో ఉన్న బాటమ్ అన్నమాట. మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లు. ముందుగా ఏమీ చెప్పకుండా వినిపిస్తే అక్కడికి వచ్చేసరికి ‘పెద్దమ్మా, గాడిద!’ అని అరిచింది. 1826లో రాసిన స్వరం కాకినాడలో ఒక చిన్నపిల్లకి సూటిగా చేరింది. దీన్ని మించిన వివరణ నేనివ్వలేను.

స్కెర్జోలో ఫ్లూట్ వాయించేవాళ్లు ఊపిరి ఎప్పుడు తీసుకుంటారు?

దాదాపు తీసుకోరు. స్కెర్జో మొదటి అంకానికీ రెండో అంకానికీ మధ్య వస్తుంది. ఊరి నుంచి అడవిలోకి, పక్ దగ్గరికి మనల్ని చేర్చడం దాని పని. చివర్లో ఫ్లూట్ ఒక్కటే, కింది స్థాయిలో, ఆగకుండా చిన్న స్వరాల వరస వాయించుకుంటూ పోతుంది. ఊపిరికి సందు లేదు, నాలుకతో ప్రతి స్వరాన్నీ విడగొట్టాలి, పైగా తేలిగ్గా అనిపించాలి. ప్రపంచంలో ఎక్కడ ఆర్కెస్ట్రా ఉద్యోగానికి పరీక్ష పెట్టినా ఫ్లూట్ వాళ్లకు ఈ ముక్క తరచూ తగులుతుంది. రికార్డింగ్‌లో జాగ్రత్తగా వింటే ఆ వరస అయిన వెంటనే గుటుక్కున గాలి పీల్చుకోవడం కొన్నిసార్లు వినపడుతుంది.

నాక్టర్న్ అందరూ మెచ్చుకుంటారు. అందులో ప్రత్యేకత ఏమిటి?

పక్ చేసిన పొరపాటుతో రాత్రంతా అరుచుకుని, పరిగెత్తి, అలిసిపోయి నలుగురు ప్రేమికులూ అడవిలో నేలమీద నిద్రపోతారు. మూడో అంకం అయిపోయింది. అప్పుడు ఒక్క హార్న్ (చుట్టలు తిరిగిన ఇత్తడి వాయిద్యం) పాడుతుంది, కింద బసూన్లు (లోతుగా పలికే ఊదే వాయిద్యాలు) తోడుంటాయి. పరుగులూ చిటపటలూ అన్నీ ఆగిపోయిన తర్వాత వచ్చే పాట కాబట్టి దాని నెమ్మది మరీ హాయిగా ఉంటుంది. హార్న్ చిన్న తప్పు జరిగినా దాచుకోలేని వాయిద్యం. అంత సూటి, అంత పొడవు పాటను దాని చేతిలో పెట్టడం వాయించేవాళ్లకు టెన్షనే. బాగా కుదిరినప్పుడు మాత్రం నిద్రపోతున్న పిల్లల మీద ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది.

చావు మార్చ్ అని ఒకటుంది. కామెడీలో చావు ఏమిటి?

రాజుగారి పెళ్లిలో పనివాళ్లు ఆడే నాటకంలోని చావు అది. పాపం వాళ్లకు నటన రాదు, అయినా ప్రాణం పెట్టి ఆడతారు. అందుకు తగ్గట్టే మెండెల్సన్ ఇక్కడ పెద్ద ఆర్కెస్ట్రాను వాడలేదు. ఒక క్లారినెట్ (ఊదే వాయిద్యం), ఒక బసూన్, కెటిల్‌డ్రమ్స్ (గిన్నెల్లాంటి పెద్ద డ్రమ్ములు), అంతే. ఊళ్లో దొరికిన ముగ్గురిని పిలుచుకొచ్చి వాయించినట్టుంటుంది. చాలా చిన్న ముక్క, కానీ ఆ పనివాళ్ల మీద ఆయనకున్న ఆప్యాయత అందులో తెలుస్తుంది.

## రాసిన మనిషి గురించి

ఓవర్చర్ రాసేటప్పటికి మెండెల్సన్‌కు 17 ఏళ్లేనా? ఎవరూ సాయం చేయలేదా?

1809 ఫిబ్రవరి 3న హాంబర్గ్‌లో పుట్టాడు, ఓవర్చర్ 1826 ఆగస్టు 6న పూర్తయింది. కాబట్టి 17 ఏళ్లే. బెర్లిన్‌లో వాళ్ల ఇంటికి పెద్ద తోట ఉండేది, ఆ వేసవిలో అక్కడే కూర్చుని స్వరాలు రాసుకునేవాడు. పిల్లలంతా షేక్‌స్పియర్‌ను జర్మన్ అనువాదంలో చదువుకున్నారు. సాయం సంగతికొస్తే, సంగీత విమర్శకుడు అడాల్ఫ్ బెర్న్‌హార్డ్ మార్క్స్ సలహాలిచ్చాడు. నాటకంలోని మనుషులంతా సంగీతంలో కనిపించాలని పట్టుబట్టింది తనేనని ఆయన తర్వాత రాసుకున్నాడు. సలహా ఎవరిదైనా, స్వరాలు కుర్రవాడివే.

అక్క ఫానీ పాత్ర ఏమిటి?

ఫానీ అతనికంటే మూడేళ్లకు పైగా పెద్ద, 1805లో పుట్టింది. తనూ గొప్ప పియానిస్టు, స్వరకర్త. ఓవర్చర్ మొదట ఇద్దరు కలిసి పియానో మీద వాయించే రూపంలో ఉండేది, అక్కాతమ్ముళ్లు పక్కపక్కన కూర్చుని వాయించారు. ఆ ఇంట్లో ఈ నాటకం పిల్లల ఆటలాంటిది. పూర్తి ఆర్కెస్ట్రా మోతలో కూడా ఇద్దరు పిల్లలు ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్న సందడి నాకు వినిపిస్తుంది.

మొదటిసారి ఎక్కడ వాయించారు?

1827 ఫిబ్రవరి 20న, స్టెటిన్ అనే ఊళ్లో. ఇప్పుడది పోలండ్‌లో ష్చెచిన్. స్వరకర్త కార్ల్ లోవె ఆర్కెస్ట్రా నడిపించాడు. మెండెల్సన్ చలికాలంలో బెర్లిన్ నుంచి ప్రయాణం చేసి వెళ్లాడు. అదే కచేరీలో పియానో వాయించి, తర్వాత బీథోవెన్ తొమ్మిదో సింఫనీకి వయొలిన్లలో కూర్చున్నాడు. 1829 జూన్ 24న, మిడ్‌సమ్మర్ పండుగ నాడే లండన్‌లో వినిపించారు. ఆ కచేరీ తర్వాత ఒక స్నేహితుడు స్వరప్రతిని గుర్రబ్బండిలో మర్చిపోతే, మెండెల్సన్ మొత్తం జ్ఞాపకం నుంచి మళ్లీ రాశాడని చెబుతారు.

పదిహేడేళ్ల తర్వాత మళ్లీ దాని దగ్గరికి ఎందుకు వచ్చాడు?

అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాకు రాజైన నాలుగో ఫ్రెడరిక్ విలియం అడిగాడు కాబట్టి. నాటకం మొత్తానికి సంగీతం కావాలన్నాడు. 1843 అక్టోబర్ 14న పోట్స్‌డామ్ రాజభవనంలో రచయిత లుడ్విగ్ టీక్ ఆధ్వర్యంలో ఆడారు. అప్పటికి మెండెల్సన్‌కు 34 ఏళ్లు, యూరప్ అంతా పేరు, లైప్‌జిగ్‌లో ఆర్కెస్ట్రా, అదే ఏడు మొదలుపెట్టిన సంగీత కళాశాల, ఊపిరాడనన్ని పనులు. అయినా కొత్తగా ఏదో చెయ్యాలని పాతదాన్ని పక్కన పెట్టలేదు. 17 ఏళ్ల కుర్రవాడు వేసిన స్వరాలను విత్తనాల్లా తీసుకుని మిగతాదంతా పెంచాడు. ఆ గౌరవం నాకు చాలా ఇష్టం.

ఈ సంగీతాన్ని హిట్లర్ కాలంలో నిషేధించారట, ఎందుకు?

మెండెల్సన్ యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడే బాప్తిస్మం ఇప్పించినా నాజీలకు అది లెక్కలోకి రాలేదు. ఆయన సంగీతాన్ని జర్మనీలో వాయించకుండా చేశారు, లైప్‌జిగ్‌లోని ఆయన విగ్రహాన్ని 1936లో కూల్చేశారు. నాటకం మాత్రం ఆడాలి కాబట్టి వేరేవాళ్లతో కొత్త సంగీతం రాయించారు. జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ రాసినది అలాంటిదే, 1939లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆడారు. విగ్రహాన్ని 2008లో మళ్లీ నిలబెట్టారు. పెళ్లి మార్చ్ వాయించే ప్రతిసారీ నాకు ఇది గుర్తొస్తుంది. ఒక దేశం తన పిల్లల పెళ్లిళ్లకు మోగే పాటను, రాసినవాడి పుట్టుక చూసి నోరు నొక్కింది.

## మీ పెళ్లిలో వాయించాలంటే

నాటకం పాట పెళ్లి పాట ఎప్పుడైంది?

1847లో ఇంగ్లండ్‌లోని టివర్టన్‌లో ఒక పెళ్లికి ఆర్గన్ మీద వాయించారు. అదే ఏడాది నవంబర్ 4న మెండెల్సన్ 38 ఏళ్లకే చనిపోయాడు. అందరి నోటా పడింది 1858 జనవరి 25 తర్వాత. ఆ రోజు విక్టోరియా రాణి పెద్ద కూతురి పెళ్లిలో దీన్ని వాయించారు. రాజుల ఇంట్లో మోగినది ఊరందరికీ కావాలి కదా. అక్కడి నుంచి ఇంగ్లీషు చర్చిలతో పాటు మన గుంటూరు, ఏలూరు, సికింద్రాబాద్ చర్చిల దాకా వచ్చింది.

పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు వాయించాలా, బయటికి వెళ్లేటప్పుడా?

బయటికి వెళ్లేటప్పుడు. పెళ్లి అయిపోయింది, ఇక సంబరం అని చెప్పే సంగీతం ఇది. ట్రంపెట్ల పిలుపుతో మొదలై పరుగులాంటి ఉత్సాహంతో సాగుతుంది. నెమ్మదిగా నడిచివచ్చే పెళ్లికూతురి అడుగుకు ఇది పొసగదు, నడక తడబడటం నా కళ్లతో చూశాను. లోపలికి వచ్చేటప్పుడు చాలామంది వాయించేది వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ ఒపెరాలోని బృందగానం. ఆ ఒపెరాలో ఆ పెళ్లి నిలబడదు, వినడానికి మాత్రం గంభీరంగా ఉంటుంది. మీకు పట్టింపు ఉంటే వేరేది ఎంచుకోండి.

ఒక్క కీబోర్డు మీద వాయిస్తే బాగుంటుందా? నేర్చుకునేవాళ్లు ఏం చూసుకోవాలి?

బాగానే ఉంటుంది, ఒక్క జాగ్రత్తతో. పాట సి మేజర్‌లో ఉంది. ట్రంపెట్లు ‘సి, సి, సి’ అని మూడుమూడుగా పిలుస్తాయి. అందరూ తర్వాత సి మేజర్ కార్డ్ వస్తుందనుకుంటారు. మెండెల్సన్ మాత్రం ఎ మైనర్ కింద ఎఫ్ షార్ప్ పెట్టి, బి మీదుగా ఇ మైనర్‌కు తీసుకెళ్లి, ఆ తర్వాతే ఇంటికి తెస్తాడు. గుండె ఎగిసినట్టనిపించేది ఆ ఎఫ్ షార్ప్ వల్లే. మా దగ్గర తిరిగే జిరాక్స్ కాపీల్లో కొన్నింటిలో దాన్ని తీసేసి మామూలు సి కార్డ్ పెట్టారు. అప్పుడది స్కూలు బెల్లులా మోగుతుంది. ఎడమచేతి చిటికెన వేలితో ఎఫ్ షార్ప్ గట్టిగా నొక్కండి. వేగం కూడా పెంచకండి, చీర కట్టుకున్న పెళ్లికూతురు మెట్లు దిగాలి.

పెళ్లి వీడియోలో పెడితే కాపీరైట్ సమస్య వస్తుందా?

స్వరాలకు రాదు, రాసినవాడు పోయి 170 ఏళ్లు దాటింది. స్వరప్రతి ఐఎమ్‌ఎస్‌ఎల్‌పి సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కానీ ఒక ఆర్కెస్ట్రా చేసిన రికార్డింగ్ మీద హక్కు ఆ కంపెనీకి ఉండొచ్చు. దాన్ని వీడియోలో వాడితే యూట్యూబ్‌లో ఆపేయొచ్చు. మీ చర్చిలో ఆ రోజు వాయించినదాన్నే వీడియోలో ఉంచుకోండి.

రిజిస్టర్‌లో సంతకాలు పెట్టేటప్పుడు ఖాళీగా ఉంటుంది. అప్పుడేదైనా వాయిస్తారా?

నన్నడిగితే నాక్టర్న్. సంతకాలకు ఐదారు నిమిషాలు పడుతుంది, నాక్టర్న్ కూడా దాదాపు అంతే. పెళ్లికొడుకు పెన్ను కోసం జేబులు తడుముకుంటాడు, సాక్షులు ఎక్కడ సంతకం పెట్టాలో అడుగుతారు, వెనక బెంచీల్లో పిల్లలు అమ్మల ఒళ్లో నిద్రపోతుంటారు. కీబోర్డులో ఫ్రెంచ్ హార్న్ టోన్ ఎంచుకుని, వాల్యూమ్ సగానికి తగ్గించి మొదలుపెడతాను. చివరి సంతకం అయ్యాక పాస్టర్‌గారు నా వైపు చూసి తల ఊపుతారు. అప్పుడు ట్రంపెట్ టోన్‌కి మార్చి, మొదటి ‘సి’ మీద వేలు పెడతాను.